మంగు మందు ఇంటి కోడలు

సుశీలాబాయి పెరట్లోకి రాకుండా ఉంటే ఇంత జరిగేది కాదు! కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు కావాలని, ఎవరినీ అడగకుండా, ఇంటి పక్క సందులోంచి నేరుగా వెనక్కి వచ్చేసింది. అక్కడ మూడు రాళ్ల పొయ్యి మీద ఇత్తడి గంగాళం, గంగాళంలో నూనె, పొయ్యి ముందు యాదక్క. చేతిలో పొడుగాటి గరిటె. నెత్తి మీది కొంగు జారిపోయి ఉంది. ముఖమంతా చెమట. రెండు చెంపల మీదా, ముక్కు మీదా, నుదుటి మీదా... మంగు! ఎవరో బూడిద చేత్తో నిమిరినట్టు నల్లగా, మచ్చలు మచ్చలుగా మంగు!

సుశీలాబాయి నోరు తెరిచింది. ఆమె ఆ ఇంటికి వచ్చిందే మంగు మందు కోసం.

"అగ బాయీ! ఇదెవరు?"

వెనకాలే పరుగెత్తుకొచ్చిన వెంకటవ్వ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "కూలిదమ్మా. నూరుడు పనికి పెట్టుకున్నం."

యాదక్క చేతిలో గరిటె ఆగిపోయింది. కూలిదా!... వెంకటవ్వ కొడుకు కట్టిన పుస్తెలు మెడలో ఉన్నాయి. ఆ ఇంట్లో నాలుగేళ్లుగా అన్నం వండుతోంది, ఆ ఇంటి గడపకు పసుపు రాస్తోంది... కూలిదా! ఆమె తలెత్తి భర్త వైపు చూసింది. రాజలింగు తల్లి వెనకే నిలబడి ఉన్నాడు. ఒక్క మాట చాలు... నా భార్య అని ఒక్క మాట! అతను తల్లిని చూశాడు, సుశీలాబాయిని చూశాడు, గంగాళంలో నూనెను చూశాడు. చూడవలసినవన్నీ చూశాక తల ఊపాడు.

"అవు బాయి. కూలిదే."

రాజలింగు చెడ్డవాడు కాదని అందరూ అంటారు. ఏమీ చేయని మగవాళ్ల గురించి లోకం అలాగే అంటుంది.

"మరి దీని మొఖాన మంగున్నది గద? మీ మందు దీనికి పూయలేదా?" అని సుశీలాబాయి నిలదీసింది.

"కూలోల్లకు పూసుకుంట పోతే కొనేటోల్లకు ఏం మిగుల్తది బాయి?"

ఆ మాట సుశీలాబాయికి సబబుగానే తోచింది. కాళ్లు కడుక్కుని, మందు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ మందు రాజలింగు తండ్రిది. వాళ్ల పాత ఊరు ముల్చేరలో ఆయన బతికి ఉన్నప్పుడే దానికి పేరు వచ్చింది. అడవి ఊరి నుంచి దేవక్క అనే ఆమె తెచ్చే సారపలుకులు, అడవి పసుపు. దుకాణంలో దొరికే మంజిష్ఠ వేరు, జాజికాయ. మంజిష్ఠను నువ్వుల నూనెలో సన్నని సెగ మీద పొద్దున్నుంచి పొద్దు వాలేదాకా కాచాలి. గరిటె ఆగితే అడుగంటుతుంది, అడుగంటితే పారబోయాలి. సారపలుకులను పాలలో నానబెట్టి వెన్నలా నూరాలి. పసుపు కొమ్ములను నడి ఎండలో కూర్చుని తిప్పుతూ ఎండబెట్టాలి. మందు వాడేవాళ్లకు ఇరవై ఒక్క రోజుల పథ్యం. పొయ్యి దగ్గరకు పోకూడదు. ఎండలో కాలు పెట్టకూడదు. పులుపు, కారం ముట్టకూడదు. రెండు పూటలా ఆవుపాలు తాగాలి, మధ్యాహ్నం పడుకోవాలి. ఆయన పోయాక, ఏడాది కిందట, కుటుంబం సిరొంచకు మారింది. ఇప్పుడు నది అవతల కాళేశ్వరం వైపు నుంచి కూడా ఆడవాళ్లు పడవ ఎక్కి వస్తున్నారు. కాచేది, నూరేది, ఎండబెట్టేది యాదక్క. అంగడిలో గొంతు చించుకుని అమ్మేది రాజలింగు. పేరు వెంకటవ్వది.

యాదక్కకు పెళ్లయిన ఏడాదికి ఒక బిడ్డ పుట్టింది. పది రోజులు బతికింది. పదిహేనో రోజున యాదక్కను మళ్లీ పొయ్యి ముందు కూర్చోబెట్టారు. ఆ కాన్పుతో వచ్చింది మంగు. బిడ్డ పోయింది, మంగు ఉండిపోయింది. ఆ ఇంట్లో రెండింటి గురించీ ఎవరూ మాట్లాడేవారు కాదు. సిరొంచ వచ్చిన రోజునే వెంకటవ్వ ఒక నిర్ణయం చేసింది. మంగు మందు అమ్మే ఇంటి కోడలికే మంగు ఉంటే మందు ఎవరు కొంటారు? అందుకని కోడలు పుట్టింటికి పోయి కూర్చుందని ఊరంతా చెప్పింది. ఇంటికి ఒక పక్క కలప డిపో గోడ, ఇంకో పక్క ఖాళీ జాగా. బావి పెరట్లోనే ఉంది. ఏడాదిగా యాదక్క పెరడు దాటలేదు. ఏడాదిగా ఊరు వెంకటవ్వ మీద జాలిపడుతోంది.

ఇదంతా యాదక్క భరించింది. భరించలేనిది వారం కిందట వచ్చింది. బామ్నిలో అన్న ఆశన్న కూతురి లగ్గం ఖాయమైందని కబురు. వాళ్ల ఇంట్లో పెళ్లిపిల్లకు మొదటి నలుగు మేనత్త చేత్తోనే పెట్టాలి. ఆమె పెట్టాకే తల్లయినా పెట్టాలి. ఆశన్నకు ఉన్నది ఒక్కతే చెల్లెలు!

సుశీలాబాయి వచ్చి వెళ్లిన సాయంత్రం అన్నాలు వడ్డిస్తూ యాదక్క గొంతు కూడగట్టుకుంది. "అత్తమ్మా... బామ్నికి..."

"గా మొఖంతోనా?"

"మొదటి నలుగు నేనే పెట్టాలె గద అత్తమ్మా..."

"పసుపు ఎవ్వలు పెట్టినా పసుపే. బామ్నిల మన మందు కొన్నోల్లు పదిమంది ఉన్నరు. లగ్గంల నీ మొఖం చూస్తే ఏమంటరు? మందు మన దుకాన్ల, మంగు మన ఇంట్ల అని నాలుగూర్లు నవ్వయా? జరమొచ్చిందని చెప్పి పంపుదం. లింగు ఒక్కడే పోతడు."

"నా అన్నకు నేను ఒక్కదాన్నే అత్తమ్మా! ఆ పిల్లను ఎత్తుకొని పెంచిన... నేను పోకపోతే నలుగు ఆగుతది... ఏమయ్యా, జర నువ్వన్న చెప్పు!"

రాజలింగు ముద్ద మింగాడు. భార్య కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. తల్లి చూస్తోంది. అతను బాగా ఆలోచించాడు.

"పప్పుల ఉప్పు తక్కువైంది" అన్నాడు.

యాదక్క ఉప్పు తెచ్చి పెట్టింది. తర్వాత బావి దగ్గరకు పోయి, గిన్నెలు తోముతున్న చప్పుడులో ఏడ్చింది. ఏడవడానికి కూడా ఆ ఇంట్లో ఏదో ఒక పని చేతిలో ఉండాలి!

*

మర్నాడు పొద్దున్నే సుశీలాబాయి మళ్లీ వచ్చింది. ఈసారి అరుగు మీదే కూర్చుంది. ఆమె భర్త సమ్మన్న తహసీల్ కచేరీలో గుమాస్తా. చామోర్షి నుంచి ఈ మధ్యే బదిలీ మీద వచ్చారు. కచేరీ ఆడవాళ్లందరినీ ఈ మందుకు తీసుకొచ్చింది ఆమే. తన పథ్యం మొదలై నాలుగు రోజులైంది. నిన్న వచ్చింది రెండో విడత మందుకు.

"వెంకటవ్వా, నీ కూలిదాన్ని నాకియ్యి."

"ఏందమ్మా?"

"మా ఆయన నిన్న గంజి వార్చబోయి చెయ్యి కాల్చుకున్నడు. మొన్న చాయల ఉప్పేసిండు. నా పత్తెం ఇంక పదిహేడు దినాలున్నది. గప్పటిదాంక ఆయన బతకడు."

"గది వస్తదో రాదో బాయి... దానికి కాలు నొప్పి..."

"కాలుతోని నూర్తదా? నువ్వు ఇచ్చేదానికన్న ఎక్కువనే ఇస్త."

వెంకటవ్వ ఇచ్చేది ఏమీ లేదు కాబట్టి, అంతకన్నా ఎక్కువ ఇవ్వడం సుశీలాబాయికి కష్టం కాదు. వెంకటవ్వ చిక్కులో పడింది. కాదంటే ఎందుకు కాదనాలో చెప్పాలి. కోడలని చెప్పాలంటే నిన్నటి మాట అబద్ధమని ఒప్పుకోవాలి. కచేరీ ఆడవాళ్లు దూరమైతే సగం బేరం పోతుంది. అబద్ధాన్ని వదులుకోవడం కన్నా కోడల్ని పంపడమే చవకగా కనిపించింది ఆమెకు!

"పగటాలదాంక చేసి రా" అంది లోపలికి వచ్చి. "నూనె ఆ తర్వాత పొయ్యెక్కిచ్చి రాత్రిదాంక కాచుకో. మొఖం మీద కొంగు దియ్యకు. పుస్తెలు రైక లోపలికేసుకో."

యాదక్క భర్త వైపు చూడలేదు. నిన్న చూసింది, చాలు. రాజలింగే వెంట గడపదాకా వచ్చాడు. "ఎండ ముదరకముందే రా" అన్నాడు. అదే అతని ప్రేమ.

*

సుశీలాబాయి ఇంటి వసారాలో చాపలు, మంచాలు వేసి ఉన్నాయి. కిటికీలకు తడిపిన గోనెసంచులు. ఆ వాడలో ఏడుగురు ఆడవాళ్లు పథ్యంలో ఉన్నారు. ఏడు ఇళ్లలో మగవాళ్లు పొయ్యిలు ఊదుతున్నారు. ఎండ పడకుండా గోడ నీడలో నడిచి ఏడుగురూ పొద్దున్నే ఇక్కడ చేరతారు. పాలు తాగుతారు, రేడియో వింటారు, పడుకుంటారు. యాదక్క ఇంత నీడను, ఇంత తీరికను ఒక్కచోట ఎన్నడూ చూడలేదు.

"చిన్నక్కా, నీ మంగు ఏడున్నదే?" అని ఎవరో అడిగారు.

చిన్నక్క ముఖం పాలమీగడలా ఉంది. ఆమె కదలకుండానే జవాబు చెప్పింది. "ఇంక రాలే. వచ్చేటట్టున్నదని ముందుగాల్నే మొదలువెట్టిన."

అందరూ నవ్వారు. యాదక్కకు కూడా నవ్వు వచ్చింది. ఎన్నాళ్లయిందో! కానీ ఆ నవ్వు నిలవనివ్వలేదు సుశీలాబాయి.

"యాదీ, నువ్వు ఆ ఇంట్ల పనిచేస్తవు గద. వెంకటవ్వ కోడల్ని ఎప్పుడన్న చూసినవా?"

యాదక్క మిరపకాయలు నూరుతోంది. చేయి ఆపలేదు. "చూడలే బాయి."

"ఏడాదాయెనట పుట్టింట్ల కూసొని! సిగ్గు లేనిది. ముసలిది ఒక్కతే చాకిరి చేసి చస్తున్నది."

"అవు బాయి. చస్తున్నది."

"మొగడు బంగారం. పాపం నోట్లె నాలుక లేదు."

"ఉన్నది బాయి. పప్పుల ఉప్పు తక్కువైతే కనవడ్తది."

"గా కోడలు మస్తు అందగత్తె అట" అంది చిన్నక్క. "గందుకే గంత పొగరు. నాకు దొరికితే రెండు జెల్లలు కొడ్త!"

యాదక్క కళ్లలోంచి నీళ్లు జలజలా రాలాయి. ఏడుపో నవ్వో ఆమెకే తెలియలేదు... తనను తిట్టేవాళ్ల ఇంటికి తనే మిరపకాయలు నూరిపెడుతోంది! మిరప ఘాటుకు కళ్లు మండుతున్నాయనుకుని సుశీలాబాయి జాలిపడింది. తన చేత్తోనే గాజు గ్లాసులో చాయ తెచ్చిచ్చింది. "జర కూసొని తాగు. నూరుడు యాడికి పోతది?" అంది. నాలుగేళ్ల కాపురంలో యాదక్కతో కూర్చుని తాగమన్న మొదటి మనిషి ఆమె. ఆ గ్లాసు పట్టుకుని యాదక్క ఇంకా ఏడ్చింది.

రోజులు గడిచాయి. యాదక్క పనికి వచ్చిన పదకొండో రోజుకు సుశీలాబాయి చెంపలు తేటపడ్డాయి. యాదక్క రోజూ చూస్తోంది, ఆశ్చర్యపోతోంది. తనూ అదే మందు రాసుకుంటుంది! నూరిన రాతికి అంటుకున్న మందును వేలితో తీసి, పడుకునే ముందు మూడేళ్లుగా ఒక్క రోజు తప్పకుండా రాసుకుంటోంది. ఆ సంగతి అత్తకు కూడా తెలియదు.

"బాయి, నువ్వు మందు రోజూ రాస్తవా?"

"యాడిది? ఒకనాడు రాసిన, రెండునాల్లు మర్చిపోయిన. గాని పత్తెం మాత్రం తప్పలే తల్లీ! పొయ్యి మొఖం చూడలే, ఎండ మొఖం చూడలే."

యాదక్క చేయి రోకలి మీదే ఆగిపోయింది. సగం రోజులు మరిచిన ఆమెకు పోయింది... ఒక్క రోజూ మరవని తనకు పోలేదు! ఇంటికి పోతే గంగాళం ఎదురుచూస్తూ ఉంటుంది. పసుపు కొమ్ములు ఎండలో ఎదురుచూస్తూ ఉంటాయి. లోకమంతటి మంగు పోగొట్టడానికి తను మంగు తెచ్చుకుంటోంది! ఆ మాట అర్థమయ్యాక ఆమెకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. కోపం ఆమెకు అలవాటు లేదు. ఏం చేయాలో తెలియక ఆ రోజు కందులన్నీ పొడి పొడిగా దంచేసింది.

*

అంగడి రోజున వెంకటవ్వ అరుగు నిండిపోయింది. ఆడవాళ్లు ముందు వరుసలో, వాళ్ల సంచులు పట్టుకున్న మగవాళ్లు వెనక. సమ్మన్న చేతికి ఇంకా గుడ్డ చుట్టే ఉంది. రాజలింగు జాడీ ముందు కూర్చుని పథ్యం నియమాలు పాటలా చదువుతున్నాడు. అప్పుడే బామ్ని నుంచి ఆశన్న దిగాడు, భుజాన పసుపు గుడ్డల మూటతో.

"అత్తా! చెల్లెను తోల్కపోదామని వచ్చిన. లగ్గం పదకొండు దినాలే ఉన్నది. ఏది మా యాది?"

వెంకటవ్వ ముఖం పాలిపోయింది. అయినా నోరు ముందే సిద్ధంగా ఉంది. "జరమొచ్చింది బాబూ... లోపల పండుకున్నది..."

ముందు వరుసలో చిన్నక్క తలెత్తింది. "కోడలు పుట్టింట్ల ఉన్నదంటివి గద వెంకటవ్వా?"

"పుట్టింట్లనా?" ఆశన్న తెల్లబోయాడు. "పుట్టింటోన్ని నేనేనమ్మా!"

"అయితే లోపల పండుకున్నదెవ్వరు?"

"పుట్టింట్ల కూసున్నదెవ్వరు?"

"ఎందరు కోడండ్లే నీకు వెంకటవ్వా?"

వెంకటవ్వ ఒకసారి లోపలికి చూపింది, ఒకసారి బామ్ని వైపు చూపింది. రెండు అబద్ధాలు ఒకేసారి ఇంటికి వస్తే ఏది ముందు దాచాలో ఆమెకు తోచలేదు. అదే సమయానికి గోడ నీడన నడుస్తూ సుశీలాబాయి వచ్చింది, తేటపడిన ముఖం అందరికీ చూపించడానికి. ఆమె వెనకే నెత్తి మీద కూరగాయల గంపతో, ముఖం మీద కొంగుతో యాదక్క! అన్న గొంతు ఆమెకు సందు మొదట్లోనే వినబడింది. కాళ్లు ఆగలేదు. నోరు ఆగలేదు.

"అన్నా...!"

ఆశన్న గిర్రున తిరిగాడు. "చెల్లే! నెత్తి మీద గంప ఏంది? ఎవల గంప ఇది?"

"నాది" అంది సుశీలాబాయి. "గది మా కూలిది. నీకేమైతది?"

"కూలిదా!" ఆశన్న గొంతు పగిలింది. "నా తోడబుట్టిందమ్మా! ఈ రాజలింగు పెండ్లాం! ఈ ఇంటి కోడలు!"

సుశీలాబాయి ఆ మాట విని అరుగు అంచున కూలబడింది. పన్నెండు రోజులుగా అన్నవన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. "అగ బాయీ... దాని ముంగటనే దాన్ని తిడితిని గదనే... దానితోనే అవుననిపిస్తిని గదనే!"

యాదక్క గంప దింపింది. కొంగు జారింది. ఎండలో ఆమె ముఖం అందరికీ కనబడింది. మంగు!

సమ్మన్న ముఖం వికసించింది. "చూసినవా సుశీలా! ఇంటి కోడలికే పోలే! మందు లేదు, మన్ను లేదు. అంత ఫసాయింపు! నడువు ఇంటికి, పొయ్యి ఎలిగియ్యి!"

"అవు! నడువుండ్లి, నడువుండ్లి!" అన్నారు వెనక వరుసలో మగవాళ్లంతా. ఇన్నాళ్లకు వాళ్లకు విడుదల దొరికింది. ముందు వరుసలో ఆడవాళ్ల ముఖాలు వాడిపోయాయి. చిన్నక్క పాలగ్లాసు చేజారినట్టు చూసింది.

వెంకటవ్వ గోడకు ఆనుకుంది. మొగుడు మిగిల్చిపోయినది ఆ పేరొక్కటే; అది వీధిలో పడి పోతోంది. రాజలింగు జాడీ వెనక్కి జరిగాడు. జాడీ చిన్నది, అతను పెద్దవాడు.

"నడువు చెల్లే!" ఆశన్న చెల్లెలి చేయి పట్టుకున్నాడు. "గిసొంటి ఇంట్ల ఇంకొక్క గడియ ఉండద్దు!"

యాదక్క అడుగు కదిపితే చాలు. ఆ ఇల్లు కూలిపోతుంది. కూలిపోవాలనే ఆమెకూ ఉంది! కానీ జాడీలో ఉన్నది ఆమె నూరినది. దాన్ని మోసం అన్నారు! అన్న చేయి మెల్లగా విడిపించుకుంది. రైక లోపలి పుస్తెలు బయటికి తీసి చీర మీద వేసుకుంది. మాట్లాడింది.

"మందు మంచిదే. నూరింది నేను. కాచింది నేను. మూడేండ్లసంది నేను గూడ రాసుకుంటున్న. నాకెందుకు పోలే? పొద్దంత పొయ్యి ముంగట కూసొని మీకు నూనె కాస్తున్న. పగలంత ఎండల కూసొని మీకు పసుపు ఎండవెడ్తున్న. పత్తెం తప్పితే మందు పట్టదని మా మామ చెప్పిండు. నాకు ఒక్కనాడు పత్తెం లేదు. చూడుండ్లి నా మొఖం... దగ్గరికొచ్చి చూడుండ్లి! పత్తెం తప్పినోల్లకు గిట్లైతది."

ఆడవాళ్లకు ప్రాణం లేచి వచ్చింది.

"విన్నవా? పత్తెం తప్పితే గట్లైతదట!"

"నన్ను పొయ్యి ఎలిగియ్యుమంటివి గద! నాకు గట్లైతే చూస్తవా?"

సమ్మన్న యాదక్క ముఖం చూశాడు, తేటపడిన భార్య ముఖం చూశాడు, గుడ్డ చుట్టిన తన చేయి చూసుకున్నాడు. ఇంకా నాలుగైదు రోజులే అని తనకు తనే చెప్పుకున్నాడు.

సుశీలాబాయి లేచి నిలబడింది. తప్పు చేసిన మనిషి కోపానికి బలం ఎక్కువ. "వెంకటవ్వా! ఇయ్యాల్టిసంది దీనికి పత్తెం. ఇర్వైయొక్క దినాలు. నీ కోడలి మొఖం తేటవడితేనే ఈ వాడల ఎవ్వలన్న నీ మందు కొంటరు. లేకుంటే లేదు."

"మరి... నూనె ఎవ్వలు కాస్తరు బాయి?"

అందరూ వెంకటవ్వను చూశారు. తర్వాత అందరూ రాజలింగును చూశారు.

"బావకు చేతులున్నయి గద" అన్నాడు ఆశన్న.

వెంకటవ్వ ఆఖరి ప్రయత్నం చేసింది. "పత్తెంల ఎండల తిరుగద్దు. లగ్గానికి ఎట్ల పోతది మరి?"

"గొడుగు వట్టుకొని పోత" అంది యాదక్క.

"నువ్వు వట్టుకుంటే చేతులు ఎండల వడ్తయి" అంది చిన్నక్క తీరిగ్గా. "మొగడు వట్టాలె."

*

మొదటి రోజు నూనె అడుగంటింది. రెండో రోజు నూనె పొంగి పొయ్యి భగ్గుమంది. మూడో రోజు రాజలింగు అరచేతులు బొబ్బలెక్కాయి. పప్పులో ఉప్పే లేదు, అతను మాట్లాడకుండా తిన్నాడు. నాలుగో రోజు నుంచి వెంకటవ్వే పొయ్యి ముందు కూర్చుంది. యాదక్కకు లోపల మంచం మీద ఒళ్లు నిలవలేదు. రెండుసార్లు లేచి వెళ్లింది. రెండుసార్లూ చిన్నక్క ఎక్కడి నుంచో ఊడిపడి వెనక్కి పంపింది. వాడ ఆడవాళ్లు వంతులు వేసుకుని కాపలా కాశారు.

ఐదో రోజు సాయంత్రం వెంకటవ్వ వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది. ముఖం కందగడ్డలా ఉంది.

"రోజంత గిట్లనే కూసుంటవా నువ్వు?"

"అవు అత్తమ్మా."

"వానకాలం గూడ?"

"అవు అత్తమ్మా."

"కాన్పయినంక గూడ..." ఆమె మాట ఆగిపోయింది.

"పదిహేనో దినం అత్తమ్మా."

వెంకటవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పొగ వస్తోందని అంది. పొయ్యి ఆరి అప్పటికి గంటయింది. తప్పయిందని ఆమె అనలేదు. ఆ ఇంట్లో ఆ మాట ఎవరికీ రాదు. మర్నాడు పొద్దున పాలగ్లాసు మాత్రం ఆమే తెచ్చింది. మీగడ తీయలేదు.

లగ్గానికి రెండు రోజుల ముందు యాదక్క బామ్నికి బయలుదేరింది. బస్సు దిగాక అన్న ఇంటికి మండుటెండలో నడక. రాజలింగు నెత్తి మీద పెట్టె, ఒక చేత్తో పెట్టెను పట్టుకుని రెండో చేత్తో భార్య మీద నల్ల గొడుగు పట్టాడు. చెమట కళ్లలోకి కారుతోంది. తుడుచుకోవడానికి మూడో చేయి లేదు. ఎదురొచ్చిన ముసలమ్మ ఒకతె ఆగి వింతగా చూసింది.

"ఎవరు బిడ్డా ఈయన?"

యాదక్క భర్తను చూసింది. "కూలికొచ్చిండు అవ్వా."

రాజలింగు ఆగిపోయాడు. భార్య కళ్లలోకి చూశాడు. ఈసారి అటూ ఇటూ చూడలేదు. తల దించుకున్నాడు. "అవు అవ్వా" అన్నాడు. "కూలికే." ఆ తర్వాత దారంతా గొడుగు ఒక్క వేలు కూడా పక్కకు జరగలేదు.

నలుగు రోజున పందిట్లో ఆడవాళ్లు కిక్కిరిసి ఉన్నారు. యాదక్క ముఖం దాచుకోలేదు. మంగు పల్చబడింది, కానీ ఉంది. పీట మీద కూర్చున్న మేనకోడలి చెంపలకు మొదటి నలుగు పెట్టింది. పెడుతుంటే కళ్లు మసకబారాయి... "ఏడువకు మేనత్తా, నా మీద కారుతున్నది" అంది పెళ్లిపిల్ల. పందిరంతా నవ్వింది.

"మంగు మందోల్ల కోడలివి గద. నీకే పోలేదేందే?" అని ఒక పెద్దావిడ గట్టిగా అడిగేసింది.

"పత్తెంల ఉన్న పెద్దవ్వా. తొమ్మిది దినాలే అయింది."

"పత్తెమంటే ఏం చెయ్యాలె?"

యాదక్క చెప్పింది. పొయ్యి సంగతి చెప్పింది, ఎండ సంగతి చెప్పింది, మధ్యాహ్నం పడుకునే సంగతి చెప్పింది. ఆడవాళ్లు చప్పుడు చేయకుండా విన్నారు. ఇన్ని రోజులు ఎవరూ తిట్టరా అని ఒకామె రెండుసార్లు అడిగింది. లగ్గం అయిన మూడో రోజు బామ్ని నుంచి పదకొండు మంది ఆడవాళ్లు సిరొంచ బస్సు ఎక్కారు. వాళ్లలో నలుగురికి మంగు ఉంది.

*

ఇరవై ఒకటో రోజు గడిచింది. ఇరవై రెండో రోజు పొద్దున్నే యాదక్క లేచి స్నానం చేసి, కొంగు నడుముకు దోపుకుంది. గోడ అద్దంలో చూసుకుంది. నుదురు తేటగా ఉంది. ముక్కు తేటగా ఉంది. చెంపలు వెలుతురుకు తిప్పి తిప్పి చూసింది. ఏమీ లేదు. బామ్ని వాళ్లకు మందు కావాలి. పెరట్లో గంగాళం కడిగి పెట్టి ఉంది. దేవక్క తెచ్చిన సారపలుకులు నానుతున్నాయి. పథ్యం అయిపోయింది, ఇంక చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఆమె పెరటి గడప దగ్గరకు వచ్చింది.

వెంకటవ్వ ఎదురొచ్చింది. "ఆగు."

కోడలి గడ్డం పట్టుకుని ముఖాన్ని వెలుతురుకు తిప్పింది. కుడి చెంప చూసింది. ఎడమ చెంప చూసింది. కళ్లు చికిలించి చాలాసేపు చూసింది. తర్వాత ఎడమ కంటి కింద, మచ్చ లేని చోట, బొటనవేలు ఆనించింది.

"గీడ ఇంక ఉన్నది."

"లేదు గద అత్తమ్మా... అద్దంల చూసుకున్న..."

"నలభై ఏండ్లసంది మంగు చూస్తున్న. నువ్వు నాకు చెప్తవా?" వెంకటవ్వ గొంతు కఠినంగానే ఉంది. వేలు మాత్రం ఆ చోటి నుంచి వెంటనే తీయలేదు. "ఇంకో వారం కూసో."

కట్టెలు తెమ్మని కొడుకును తిడుతూ ఆమె పెరట్లోకి వెళ్లింది. కాసేపటికి పొయ్యి రాజుకుంది. యాదక్క మంచం మీద కూర్చుని పాలు తాగింది.